తాతగారి డబ్బాలో ఏముంది?

ఇంటి పెద్ద పోయి, పెద్దకర్మ అయ్యి, వచ్చిన చుట్టాలు వెళ్లిపోయాక బీరువా తెరుస్తారు. దస్తావేజులు, బీమా బాండ్లు, పాత పాసుపుస్తకాలు తీసి పక్కన పెట్టాక అట్టడుగున ఒక హార్లిక్స్ సీసానో, మూత తుప్పుపట్టిన బిస్కట్ డబ్బానో, గుడ్డ మూటో బయటపడుతుంది. నిండా నాణేలు. ఆ తర్వాత జరిగేది చాలా ఇళ్లలో ఇంచుమించు ఒకటే. ఒకరు ఫోన్ తీసి విక్టోరియా రూపాయి ధర వెతుకుతారు. ఇంకొకరు చింతపండు తెచ్చి తోమడం మొదలుపెడతారు. మరొకరు మనవలకు తలా నాలుగు బిళ్లలు పంచేస్తారు. వారం తిరిగేసరికి డబ్బా ఖాళీ. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు, కానీ ముగ్గురూ కలిసి అందులో ఉన్న అసలు సరుకును పోగొట్టారు. ఇలా చేతికొచ్చిన నాణేల్లో చాలావాటికి విడివిడిగా చెప్పుకోదగ్గ విలువ ఉండదు. అవన్నీ ఒకే ఇంట్లో, ఒకే డబ్బాలో ఎలా చేరాయన్న దానికి మాత్రం ఉంటుంది. ధర అడగడం, తోమడం, పంచడం ఆఖరున చేయాల్సినవి. ముందు ఆ డబ్బాను మొత్తంగా చదవాలన్నది ఈ వ్యాసంలో నా వాదన.

చదవడమంటే మొదట తేల్చుకోవాల్సింది అది ఎలాంటి డబ్బా అన్నది. ఒకే రకం రూపాయిలు ఇరవయ్యో ముప్ఫయ్యో ఉండి, తేదీలన్నీ ఓ పాతికేళ్ల లోపు దగ్గరదగ్గరగా ఉంటే అది సేకరణ కాదు, దాచుకున్న సొమ్ము. బ్యాంకు దూరమైన కాలంలో అదే బ్యాంకు. రకానికి ఒకటి చొప్పున, చిన్న కాగితం పొట్లాల్లో, దేశదేశాలవి ఉంటే అది మోజుతో కూడబెట్టిన సేకరణ. పసుపు, కుంకుమ మరకలతో ఉన్నవి, కొక్కెం అతికించినవి, చిల్లుపెట్టి దండలో గుచ్చినవి పూజగదివో పెళ్లివో. ఒక్కో డబ్బాలో ఈ మూడూ కలిసి ఉంటాయి, ఎందుకంటే ఇంట్లో దొరికిన ప్రతి పాత బిళ్లా చివరకు ఆ డబ్బాలోనే పడుతుంది. తవ్వకాల్లో కుండ నిండా నాణేలు దొరికితే పురావస్తు శాస్త్రజ్ఞులు ముందు వెతికేది వాటిలో అన్నిటికన్నా కొత్తదాన్ని. కుండను పూడ్చింది ఆ నాణెం తేదీ కన్నా ముందు కాదని దాంతో తేలుతుంది. ఇంటి డబ్బాకూ ఇదే సూత్రం. దాచుకున్న రూపాయిల్లో ఆఖరి తేదీ 1920 అయితే, ఆ డబ్బు పోగుచేసింది తాతగారు కాకపోవచ్చు, వాళ్ల నాన్నగారో అమ్మగారో అయి ఉంటారు. మనవలకు తలా నాలుగు పంచేశాక ఈ లెక్క ఇక ఎవరూ వేయలేరు.

వెండి రూపాయి సంగతి తెలిస్తే ఈ లెక్క ఇంకా బాగా పడుతుంది. 1835లో ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి తెచ్చింది. బరువు సరిగ్గా ఒక తులం, అంటే 11.66 గ్రాములు. అందులో పన్నెండు పాళ్లకు పదకొండు పాళ్లు వెండి, అంటే సుమారు 10.69 గ్రాములు. విలియం రాజు పోయి విక్టోరియా వచ్చినా, కంపెనీ పోయి బ్రిటిష్ ప్రభుత్వం వచ్చినా, ఎడ్వర్డ్, అయిదో జార్జి బొమ్మలు మారినా ఈ కొలత వందేళ్లు మారలేదు. మారింది 1940లో. యుద్ధకాలంలో వెండిని సగానికి తగ్గించారు. మిగతా సగం రాగి, నికెల్, జింకు. ఆరో జార్జి బొమ్మతో 1940 నుంచి 1945 దాకా వచ్చిన రూపాయిలు ఇవి. అంచు చూస్తే గుర్తుపట్టవచ్చు, గీతల మధ్య చుట్టూ ఒక గాడి ఉంటుంది. 1947 రూపాయిలో వెండి అసలే లేదు, శుద్ధ నికెల్, వెనక పులి బొమ్మ. ఇప్పుడు డబ్బాను మళ్లీ చూడండి. అందులో అంతా 1939కి ముందు రూపాయిలే ఉండి, సగం వెండివి ఒక్కటీ లేకపోతే అది కాకతాళీయం కాదు. కొత్త రూపాయిని ఖర్చుపెట్టి పాత రూపాయిని దాచుకున్న మనిషి ఎవరో ఆ ఇంట్లో ఉన్నారు. బడికి వెళ్లారో లేదో తెలియదు, లోహం మాత్రం తెలిసినవారు. డబ్బాలో ఉంటే 1945 రూపాయికి ఉన్న వెండి ధరే దానికి ధర, కాని ఆ డబ్బాలో దాని లేమికి ఇంత అర్థం ఉంది.

పాతదైతే అరుదైనదన్న నమ్మకం మనవాళ్లలో గట్టిగా ఉంది. నిజం చాలాసార్లు దానికి వ్యతిరేకం. విక్టోరియా రాణి రూపాయి మీద 1840 అని ఉంటే అది 1840లోనే పోసిందని కాదు, 1862 దాకా అదే తేదీతో పోస్తూ పోయారు. 1862 అని ఉన్నవాటిదీ అదే కథ, 1874 వరకు తేదీ మార్చలేదు. ఏ ఏటివో కొంతవరకు పోల్చుకోవడానికి చిన్న చిన్న చుక్కలు మాత్రం పెట్టారు. భూతద్దం కింద ఆ చుక్కలు లెక్కపెట్టడం ఇప్పుడు ఒక ప్రత్యేక విద్య. ఈ రెండు తేదీల రూపాయిలూ కోట్లలో వచ్చాయి, ఇప్పటికీ పల్లెల్లో పెట్టెలు తెరిస్తే కనిపించేవి అవే. ఇక 1911 నాటి అయిదో జార్జి రూపాయి చూడండి. రాజుగారి అంగీ మీద గొలుసుకు వేలాడే ఏనుగు బొమ్మ తొండం పొట్టిదై పందిలా కనిపిస్తోందని గొడవ లేచింది. నాణెం వెనక్కి తీసుకుని, మరుసటేడు తొండం సరిచేసి మళ్లీ విడుదల చేశారు. 1939 తేదీ వేసిన రూపాయి మరీ అరుదు. 1938ది అంత అరుదేమీ కాదు. ఒక్క అంకె తేడా. అందుకే మార్కెట్లో 1939 రూపాయిలకు నకిలీలు ఎక్కువ. వయసుకూ ధరకూ సంబంధం ఇంత పలచన.

తెలంగాణ ఇళ్లలోనూ, హైదరాబాదు రాజ్యానికి సరిహద్దున ఉన్న కృష్ణా, కర్నూలు ప్రాంతాల ఇళ్లలోనూ మరో రకం తప్పక కనిపిస్తుంది. అందరూ ‘ఉర్దూ నాణేలు’ అని పక్కన పెట్టేసేవి. ఇవి నిజాం హాలీ సిక్కాలు, మీద ఉన్నది పార్సీ రాత. చదవడం రాకపోయినా పోల్చుకోవడం కష్టం కాదు. వెండి రూపాయి మీద చార్మినార్ ఉంటుంది. దాని మధ్య ద్వారంలోకి భూతద్దం పెట్టి చూస్తే ఒకే ఒక్క అక్షరం కనిపిస్తుంది. అది ‘మీమ్’ అయితే 1911లో పోయిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, ‘ఐన్’ అయితే ఆఖరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. పాలకుడి పేరులో మొదటి అక్షరాన్ని గుమ్మంలో నిలబెట్టారు. 92 అనే అంకె కనిపిస్తే అది ఏడాది కాదు, అక్షరాలకు అంకెలు కట్టే అబ్జద్ లెక్కలో ముహమ్మద్ అన్న పేరు విలువ. ఏడాది నాలుగంకెల్లో ఉంటుంది, హిజ్రీ శకంలో. చుక్క సున్నా, నిలువు గీత ఒకటి, పైకి తెరుచుకున్న కోణం ఏడు, కిందికి తెరుచుకున్నది ఎనిమిది. మనం సున్నా అనుకునే గుండ్రటిది అయిదు. ఒక గీత, రెండు మూళ్లు, ఒక చుక్క ఉంటే 1330. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే 1912 వస్తుంది. రాగి పైల మీద చార్మినార్ బదులు అల్లిబిల్లిగా రాసిన తుగ్రా ఉంటుంది. ఓ గంట కూర్చుంటే పదో తరగతి పిల్లవాడు కూడా డబ్బాలోని నిజాం నాణేలన్నిటికీ తేదీలు వేయగలడు.

ఇప్పుడు అసలు విషయం. అదే డబ్బాలో హాలీ సిక్కాలూ కల్దార్ రూపాయిలూ కలిసి ఉంటే ఏమిటి అర్థం? నిజాం రాజ్యంలో బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేవారు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు, ఇది వాడుకలో ఉన్న మారకం. ఎవరో తోచినట్టు పెట్టిన రేటు కాదది. హాలీ రూపాయి 11.18 గ్రాములు తూగేది, అందులో వెండి నూటికి సుమారు 82 పాళ్లు, అంటే తొమ్మిది గ్రాముల చిల్లర. కల్దార్‌లో 10.69 గ్రాములు. రెండో దాన్ని మొదటి దానితో భాగిస్తే దాదాపు ఏడుకు ఆరే వస్తుంది. రెండు రాజ్యాల డబ్బునూ కలిపి దాచిన ఇల్లు కోదాడ, జగ్గయ్యపేటల మధ్యలాంటి సరిహద్దు దారిలో వ్యాపారమో, సంబంధమో, కోర్టు పనో పెట్టుకున్న ఇల్లయి ఉండాలి. 1950 తర్వాత భారత రూపాయితో పాటు కొన్నేళ్లు చెలామణీ అయ్యి, 1959లో హాలీ సిక్కా పూర్తిగా ఆగిపోయింది. ఆగిపోయిన డబ్బును కూడా ఎవరో మార్చుకోకుండా ఉంచుకున్నారంటే, వెండి కోసమో, మరిచిపోయో, మమకారం కొద్దీనో. ఈ ప్రశ్నకు జవాబు ఇంట్లో ఇంకా బతికి ఉన్న అత్తయ్యకో పెద్దమ్మకో తెలిసి ఉండవచ్చు, కాటలాగ్‌లో మాత్రం దొరకదు. నాణేలు ముందు పెట్టుకుని అడిగితే పెద్దవాళ్లకు గుర్తొచ్చే సంగతులు ఊరికే అడిగితే రావు. గద్వాల, నారాయణపేటల్లో కూడా ఒకప్పుడు టంకశాలలు నడిచాయని ఈ సందర్భంలో గుర్తుంచుకోవాలి. యంత్రంతో కాక సుత్తితో కొట్టిన వంకరటింకర బిళ్ల కనిపిస్తే కంసాలికి వేసేయకండి.

కోస్తా డబ్బాలది వేరే చరిత్ర. ఉత్తర సర్కారుల కోసం కంపెనీ 1794, 1797 తేదీలతో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, మాథ్యూ బోల్టన్ సోహో టంకశాలలో రాగి నాణేలు పోయించింది. నలభై ఎనిమిదికి ఒక రూపాయి అని ఇంగ్లీషులో వాటి మీదే రాసి ఉంటుంది. ఆవిరి యంత్రం మీద తయారై ఓడల్లో మచిలీపట్నం వైపు వచ్చిన డబ్బులివి. 1808 ప్రాంతంలో మద్రాసులో పోసిన వెండి అర వరహా మీద ఒక వైపు గోపురం, ఇంకో వైపు విష్ణువు, చుట్టూ అరవ, తెలుగు అక్షరాలు. బ్రిటిష్ నాణెం మీద తెలుగు ఎక్కడుందని అడిగేవారికి ఇది చూపించవచ్చు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల ఇళ్లలో జపాన్ ప్రభుత్వం పేరుతో అచ్చయిన నోట్లు, మలయా వాళ్ల నలుపలకల సెంట్లు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. రంగూనుకూ మలయా తోటలకూ వలస వెళ్లి, 1942లో యుద్ధం వెంటపడితే బర్మా నుంచి చాలామంది నడిచి వచ్చేశారు, కొందరు అక్కడే ఉండి జపాన్ పాలన చూశారు. జపాన్ ఆక్రమణ నోట్లు యుద్ధం ముగిశాక చిత్తు కాగితాలు. ఇవాళ్టికీ ధర అంతంతే. కానీ ఆ నోటు మీది గుర్తులో మొదటి అక్షరం చూస్తే అది బర్మాదో మలయాదో తేలుతుంది. తాతగారు ఆ నాలుగేళ్లు ఎక్కడున్నారన్న విషయంలో ఇంట్లో ఎవరికీ లేని సాక్ష్యం ఒక్కోసారి అదే.

ఇక నకిలీల సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేం. శ్రీరామ పట్టాభిషేకం, హనుమంతుడు, లక్ష్మీదేవి బొమ్మలతో, ఈస్టిండియా కంపెనీ పేరుతో, 1818 తేదీతో ‘అణా’, ‘అర్ధణా’ బిళ్లలు తెలుగు రాష్ట్రాల్లో లేని ఊరు లేదు. వీటికి అద్భుత శక్తులున్నాయనీ, బియ్యాన్ని ఆకర్షిస్తాయనీ చెప్పి లక్షలు గుంజిన కేసులు పేపర్లలో వస్తూనే ఉంటాయి. కంపెనీ ఇలాంటివి ఎన్నడూ పోయలేదు. 1818 నాటికి బెంగాల్, బొంబాయి, మద్రాసులకు వేరువేరు నాణేలు నడిచేవి, దేశమంతటికీ ఒకే అణా అన్న మాటే లేదు. అణా బిళ్ల అన్నది ఎడ్వర్డ్ రాజు కాలంలో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, అంచు వంకీలతో వచ్చింది. అయితే వీటిని రామటెంకితో కలిపేయకూడదు. రామటెంకి తీర్థాల్లో భక్తులకు ఇచ్చిన, పూజలో పెట్టుకున్న బిళ్ల. అది నాణెంగా చెలామణీ కాలేదు, ఎవరినీ మోసం చేయడానికీ పుట్టలేదు. పాతదైతే దాని విలువ దానికుంది. కంపెనీ పేరు తగిలించుకున్న 1818 బిళ్ల మాత్రం ఇటీవలి సరుకు. అయినా దాన్నీ పారేయనక్కర్లేదు, ‘నకిలీ’ అని చీటీ రాసి ఉంచండి. ఇంట్లో ఎవరో ఎప్పుడో నమ్మి కొన్నారన్నదీ ఒక సమాచారమే.

తోమడం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి, బూడిద, ఏదైనా సరే నాణెం మీద పెట్టకండి. వందేళ్లలో రాగి మీద చేరిన గోధుమ ఛాయ, వెండి మీద చేరిన నీలినలుపు మురికి కాదు. అవి లోహం గాలితో కలిసి తనకు తాను కప్పుకున్న పొర. పులుపు దాన్ని తీసేస్తుంది, పొడి గీతలు పెడుతుంది, రాణి చెంప మీది సన్నని గీతలు అరిగిపోతాయి. ఒకసారి పోతే మళ్లీ రాదు. తళతళలాడే పాత రూపాయిని తెలిసిన కొనుగోలుదారు ఒక్క చూపులో పట్టి ధర తగ్గిస్తాడు. మరి దీపావళికి లక్ష్మీపూజలో కడిగే రూపాయిల మాటేమిటంటే, అవి అప్పటికే పూజ వస్తువులు, వాటిని అలాగే కొనసాగనివ్వండి, మిగతావాటి జోలికి వెళ్లకండి. సీసపు నాణేలున్న ఇళ్లు మరో జాగ్రత్త పడాలి. శాతవాహనుల సీసపు బిళ్లలు టేకు పెట్టెలోనో అట్టపెట్టెలోనో ఉంటే చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లకు తెల్లటి పొడిగా రాలిపోతాయి. రాయిలా రెండువేల ఏళ్లు భూమిలో ఉన్నది మన బీరువాలో ఇరవై ఏళ్లకు పోతుంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెడితే రాగి మీద పచ్చటి జిగురు వస్తుంది. ఆమ్లం లేని కాగితపు పొట్లాలు, పొడి చోటు, ఇంతకు మించి ఖర్చు అక్కర్లేదు.

ఇదంతా తీరిక ఉన్నవాళ్లకు, మాకు డబ్బు కావాలి, అన్నదమ్ములకు వాటాలు తేలాలి అంటారు కొందరు. న్యాయమైన మాటే. వారసత్వం అంటే ఆస్తి కూడా, దాన్ని అమ్ముకోవడంలో తప్పేమీ లేదు. నేను అనేది అమ్మవద్దని కాదు, చదవకుండా అమ్మవద్దని. ఏమీ తెలియకుండా కంసాలి దగ్గరకు తీసుకెళితే 1919 రూపాయికీ, 1944 రూపాయికీ, 1947 రూపాయికీ ఒకే ధర కడతారు. మొదటిదానిలో వెండి 10.69 గ్రాములు, రెండోదానిలో 5.83, మూడోదానిలో సున్నా. తూకపు లెక్కలోనే ఇంత తేడా ఉంటే అరుదైనవాటి సంగతి వేరే చెప్పాలా. మరో వైపు, డబ్బాను చూసి ఊహల్లో ఎగరడం కూడా అంతే నష్టం. పద్మం బొమ్మ ఉన్న పసుపు రంగు ఇరవై పైసల బిళ్లలో బంగారం ఉందన్న పుకారు దశాబ్దాలుగా తిరుగుతోంది. అది రాగి కలిసిన మిశ్రమ లోహమే. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్లకు లక్షలిస్తామన్న ప్రకటన ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ వచ్చిపోయింది. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, తర్వాత పన్ను, ఆ తర్వాత కమిషన్ అంటూ డబ్బు లాగడమే అందులో వ్యాపారం. తన పేరు వాడుకుని ఇలా పాత నోట్లు, నాణేలు కొంటామంటున్నారని, తనకు దానితో సంబంధం లేదని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించాల్సి వచ్చింది. డబ్బాలో ఏముందో తెలిసిన ఇంటి మీద కంసాలి మౌనమూ, వాట్సాప్ గోలా రెండూ పనిచేయవు.

ఇంకొందరి ఆక్షేపణ ఇది. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో, సాలార్‌జంగ్‌లో, మద్రాసు ఎగ్మూరులో నాణేలు గుట్టలుగా ఉన్నాయి, సైఫాబాదు పాత టంకశాలలో ప్రత్యేకంగా మ్యూజియమే పెట్టారు, మా ఇంటి నలభై బిళ్లలతో చరిత్రకు కొత్తగా ఒరిగేదేమిటి? చరిత్రకు పనికొచ్చేది నాణెం కన్నా అది ఎక్కడ దొరికిందన్న వివరం. దీనికి కోటిలింగాల కన్నా మంచి ఉదాహరణ లేదు. గోదావరి ఒడ్డున, ఇప్పటి జగిత్యాల జిల్లాలోని ఆ ఊరి మట్టిలో దొరికిన చిన్న చిన్న బిళ్లలను చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. స్థానికంగా వాటిని ఏరి, ఎక్కడివో గుర్తుపెట్టుకుని ఉంచిన మనిషి ఉండబట్టి అవి శాసన పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి చేతికి చేరాయి. వాటి మీద గోబద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లు, శాతవాహన వంశానికి ఆద్యుడైన చిముకుడి పేరు చదివారు. శాతవాహనుల తొలి అడుగులు పడమటి దక్కనులోనా, ఇక్కడా అన్న చర్చను ఆ బిళ్లలు మలుపు తిప్పాయి. చర్చ ఇంకా తెగలేదు, అది వేరే సంగతి. అవే నాణేలు ఊరి పేరు చెప్పకుండా హైదరాబాదులో ఒక వ్యాపారి డబ్బాలో దొరికి ఉంటే? పాత బిళ్లలు, అంతే. తాతగారు పొలంలో దుక్కి దున్నేటప్పుడు దొరికిందని పొట్లం మీద రాసిన ఒక్క ముక్క, ఊరి పేరు, చేను పేరు, ఆ బిళ్ల వెండి ధర కన్నా ఎక్కువ. అందుకే పొట్లాలు విప్పి నాణేలన్నీ ఒక్క గిన్నెలో గుమ్మరించడం తోమడం కన్నా పెద్ద తప్పంటాను. చీటీ పోయిన నాణెం సగం పోయినట్టే.

ఫోటో తీస్తే ఫోనే చెబుతుంది కదా అని ఈ తరం పిల్లలు అంటారు. నిజమే, యాప్‌లు బొమ్మను బాగానే పోల్చుకుంటాయి, నిజాం నాణేల తేదీలు కూడా చాలావరకు సరిగా చెబుతున్నాయి, వాడుకోండి. కానీ ఫోటోకు బరువు తెలియదు. పోత పోసిన నకిలీ రూపాయి ఫోటోలో అసలుకన్నా అందంగా ఉంటుంది. తూస్తే 11.66 బదులు పది గ్రాములకు అటూ ఇటూ చూపిస్తుంది, అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తుంది, అక్షరాల మధ్య సూదిమొన గుంటలు ఉంటాయి. గ్రాములో నూరో వంతు చూపే చిన్న తూకం కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, ముందు అది కొనండి. అయస్కాంతం పరీక్షలో కూడా తెలివి అవసరం. వెండిని అయస్కాంతం లాగదు కాబట్టి లాగితే నకిలీ అని అందరూ అంటారు. 1947 రూపాయిని లాగుతుంది, అది శుద్ధ నికెల్ కనుక. ఆ ఒక్క పొరపాటుతో మంచి నాణెం చెత్తబుట్టలోకి వెళుతుంది. వెండి రూపాయిని లాగితేనే అనుమానించాలి. స్వతంత్ర భారత నాణేలకైతే తేదీ కింద చూడండి. నక్షత్రం హైదరాబాదు టంకశాల గుర్తు, వజ్రం ఆకారం బొంబాయిది, చుక్క నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. వీటి మీద ఎక్కువసేపు ఆగనక్కర్లేదు, 1964 తర్వాతి చిల్లరలో చాలాభాగానికి ముఖ విలువను మించింది లేదు. పావలా, అంతకన్నా చిన్నవి 2011 జూన్ 30తో ఆ ముఖ విలువ కూడా పోగొట్టుకున్నాయి.

జాబితా రాస్తే ప్రభుత్వం వచ్చి పట్టుకుపోతుందన్న భయం పల్లెల్లో ఎక్కువ, దానికి మూలం లేకపోలేదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి దొరికిన సొమ్ము విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. ఆ పది రూపాయల హద్దు ఇప్పటికీ అలాగే ఉంది. కాబట్టి గోడ కూల్చితేనో, చేను దున్నితేనో బయటపడ్డ కుండ వేరు, ఇంట్లో తరతరాలుగా బీరువాలో ఉన్న డబ్బా వేరు. రెండోది మీ ఆస్తి. దాన్ని జాబితా రాసుకుంటే ఎవరూ పట్టుకుపోరు, పైగా అది మొదటి నుంచీ ఇంటిదేనని చెప్పే కాగితం అదే అవుతుంది. అసలు చిక్కు విదేశాల్లో ఉన్న పిల్లలకు వస్తుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్లు నిండిన నాణేన్ని పురావస్తువుగా లెక్కిస్తుంది, అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. తాతగారి వాటా కింద వచ్చిన విక్టోరియా రూపాయిని సూట్‌కేసులో పెట్టుకుని డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లడం సరదా కాదు. ఏటా మరో ఏడాది నాణేలు వందేళ్ల గీత దాటుతున్నాయి, అయిదో జార్జి రూపాయిల్లో తొలి పదేళ్లవన్నీ ఇప్పటికే ఆ అవతలికి వెళ్లిపోయాయి.

అందువల్ల వాటాల విషయంలో నా అభిప్రాయం ఇది. ముందు ఒక్కో నాణేనికి బొమ్మ, బొరుసు, అంచు ఫోటో తీయండి. తేదీ, బరువు, ఏ పొట్లంలో ఉంది, పొట్లం మీద ఏం రాసి ఉంది, ఇంట్లో ఎవరు ఏం చెప్పారు, ఇవి వరసగా రాయండి. ఈ జాబితా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అందరికీ ఒక్కో ప్రతి ఇవ్వండి. కాసుల పేరు నుంచి ఊడిన సవరన్ల లాంటివి బంగారం లెక్కలో పంచుకోవచ్చు, కొక్కెం అతికిన కాసుకు సేకరణ విలువ ఎలాగూ పోయింది, ఏడు గ్రాముల చిల్లర మేలిమి మాత్రం ఉంది. మామూలు రూపాయిలు రకానికి ఎక్కువున్నవి తలా కొన్ని తీసుకోవచ్చు. ఒక ఊరివో ఒక పొట్లంవో అయిన గుత్తి మాత్రం విడగొట్టకండి, ఎవరో ఒకరి దగ్గర ఉండనివ్వండి, మిగతావాళ్లకు ఇంకో రూపంలో సర్దండి. అమ్మదలచుకుంటే ఇద్దరు ముగ్గురు నిపుణుల దగ్గర అడిగి, వివరాలు అచ్చువేసి అమ్మే వేలం సంస్థకు ఇవ్వండి, జాబితాలో ఎదురుగా తేదీ, ధర రాసుకోండి. ముందుగా ఫీజు అడిగినవాళ్లకు ఫోన్ పెట్టేయండి. ఎటూ తేలని బిళ్లలు నాలుగైదు ఎలాగూ మిగులుతాయి. వాటిని పొట్లంలో పెట్టి, పైన ప్రశ్నార్థకం వేసి, డబ్బాలోనే ఉంచండి.